బిరుదు వద్దు, బోర్డింగ్ పాస్ చాలు

ఈ సభకు అధ్యక్షత వహించిన, కిందటి సభకు కూడా తానే అధ్యక్షత వహించిన, మన సంఘం అధ్యక్షులు పెంచల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకి, శుక్రవారం నిద్ర మానుకుని సబ్హాన్ నుంచీ అల్ రాయ్ నుంచీ వచ్చిన అన్నదమ్ములకి, పనిచేసే ఇళ్ళ యజమానురాళ్ళు, అదే మామాల దగ్గర అనుమతి అడిగి, వంట ముగించి, బస్సులు మారి ఫహాహీల్ దాకా వచ్చిన అక్కచెల్లెళ్ళకి, వెనక తలుపు దగ్గర నిలబడి బిర్యానీ గిన్నెల వంకే చూస్తున్న మిత్రులకి, అందరికీ ఈ అబ్బులు రెండు చేతులూ ఎత్తి పెడుతున్న నమస్కారాలండి. (నవ్వులు)

మామూలుగా ఒక మనిషికి కువైట్‌లో ఒక్కసారే వీడ్కోలు సభ చేస్తారు. నాకిది రెండోది. మొదటిది మార్చి నెలలో ఇదే హాల్లో జరిగింది. ఇదే మైకు, అప్పుడూ ఇలాగే కుయ్యిమంది. శాలువా కూడా అదే. తిరిగొచ్చాక మొహం చెల్లక దాన్ని సంఘానికి ఇచ్చేశాను, వాళ్ళు శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేయించి మళ్ళీ నాకే కప్పారు. దండలు మాత్రం కొత్తవే కొన్నారు, వాళ్ళకి నా ధన్యవాదాలు.

అయితే ఈసారి నేను పెంచల్ గారిని ముందుగానే కలిసి ఒక్క మాట బతిమాలుకున్నాను. అయ్యా, నన్ను పొగడొద్దు, వెనకాల ఫ్లెక్సీ కట్టొద్దు, బిరుదు అసలే ఇవ్వొద్దు, నాకు బిరుదు కన్నా బోర్డింగ్ పాస్ ముఖ్యం అన్నాను. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకుని, ఇందాక లేచి, అబ్బులు గారు మంచివారు అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నారు. పెంచల్ గారు ఇంత చిన్న ప్రసంగం చేయడం ఈ హాలు కట్టాక ఇదే మొదటిసారి. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కూడా మెల్లగా కొట్టండి బాబూ.

కొత్తగా వచ్చిన వాళ్ళు కొందరు మొహమొహాలు చూసుకుంటున్నారు. వాళ్ళ కోసం సంగతి మొదటి నుంచీ చెబుతాను, తెలిసిన వాళ్ళు ఓపిక పట్టాలి.

నేను తొంభై మూడులో ఈ దేశం వచ్చాను. సబ్హాన్‌లో కార్ల స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. ఇక్కడ నేను సంపాదించుకున్న మంచిపేరు ఒక్కటే, అబ్బులు ఎవరి జోలికీ పోడని. పోలీసు బండి కనిపిస్తే, జేబులో ఇఖామా, అదే నివాస అనుమతి కార్డు, భేషుగ్గా ఉన్నా సరే, పక్క సందులోకి తిరిగే మనిషిని నేను. అలాంటివాడి మీద కేసు పడిందంటే మా గోడౌన్ వాళ్ళు మొదట నమ్మలేదు, ఇంకో అబ్బులు ఎవరైనా ఉన్నాడేమో కనుక్కోమన్నారు.

జీతాలు చేతికిచ్చే రోజులు పోయి బ్యాంకులో పడే రోజులు వచ్చాయి కదండీ. కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతుంటే మనకీ కాస్త దర్జాగానే ఉండేది. ఇక్కడే ఫహాహీల్‌లో ఒక పెద్ద సామాన్ల కొట్టు ఉంది. పేరు చెప్పను, చెబితే మీరు మూడో సభ పెట్టాల్సి వస్తుంది. (నవ్వులు) దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, మిక్సీలు, ఇంటికి పంపే ప్రతి వస్తువూ అందరం అక్కడే కొనేవాళ్ళం. అక్కడ నోట్లిస్తే ఒక ధర, కార్డు గీస్తే దాని మీద ఇంకొంచెం. ఎందుకయ్యా అంటే, కార్డు గీసినప్పుడల్లా బ్యాంకు మా దగ్గర కమీషన్ కోసుకుంటుంది, అది నువ్వే పెట్టుకోవాలి అనేవాడు కౌంటర్లో మనిషి. మనం పెట్టుకునేవాళ్ళం. ఎవడు ఏ పేరు చెప్పి అడిగినా ఇచ్చేసి, బయటికొచ్చి తిట్టుకోవడం మనకి ఇక్కడ బాగా అలవాటైన పని.

అలవాటు కానిది ఒక్కత్తే, మన విజయదుర్గ. క్లినిక్‌లో నర్సు, మా అమలాపురం వైపు అమ్మాయి, అదిగో రెండో వరసలో తల దించుకుంది. ఆవిడ ఊరికే ఉండకుండా తన బ్యాంకుకెళ్ళి అడిగింది. ఆ కమీషన్ కొట్టువాడు భరించాల్సిందే, కొనేవాళ్ళ నెత్తిన వేయకూడదని మెషీన్ ఇచ్చినప్పుడే వాడి చేత ఒప్పందం రాయించుకుంటామని వాళ్ళు చెప్పారట. అదీ కాక, అమెరికాలో కార్డు కంపెనీల మీద ఇలాంటి రుసుముల గురించే జనం గుంపుగా చేరి ఒకే కేసు వేశారని పేపర్లో చదివింది. మనమెందుకు వేయకూడదు బాబాయ్ అని నన్నడిగింది. నేను రెండు చెవులూ మూసుకున్నాను. ఆవిడ అక్కడితో ఆగకుండా ఒక కువైటీ వకీలు గారిని పట్టుకుంది. అమెరికాలో వేసినట్టు ఇక్కడ కుదరదు గానీ, ఒకే అర్జీ మీద ఎంతమందైనా సంతకాలు పెట్టి వినియోగదారుల ఆఫీసులో ఇవ్వొచ్చని ఆయన సలహా ఇచ్చాడు.

ఆ అర్జీ కాగితం గదుల్లో తిరిగింది, బస్సుల్లో తిరిగింది, కూరగాయల సంచుల్లో తిరిగింది. ఇక్కడ మన వాళ్ళు చేసిన ఒక పని చెప్పాలండి, మన వాళ్ళు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ చేయరు. ఆ కాగితం నా దగ్గరికి వచ్చేసరికి కింద వరసలన్నీ నిండిపోయి ఉన్నాయి, పై వరస ఒక్కటీ ఖాళీ. కోనసీమ వాళ్ళూ వదిలేశారు, కడప వాళ్ళూ వదిలేశారు, ఒకరితో ఒకరు అనుకోకుండానే వదిలేశారు. ఇదేంటర్రా అంటే, పెద్దవారు మీరుండగా మేము పైన పెడితే ఏం బాగుంటుందండీ అన్నారు. విందులో పెద్దాయన కూర్చునేదాకా ఎవరూ అన్నం కలపరు చూడండి, ఆ మర్యాద తీసుకొచ్చి అర్జీలో పెట్టారు. నాకు చాలా గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు ఆడాలి. కళ్ళజోడు తుడుచుకుని, పూర్తి పేరుతో, కింద గీత కూడా గీసి సంతకం పెట్టాను.

అర్జీ ఆఫీసుకి వెళ్ళింది. ఈలోగా నా ఉద్యోగం అయిపోయింది, మీరు నాకు సభ చేశారు. ఈ వేదిక మీద ఇంత ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా ఫోటో, ఫోటో పక్కన నోరు తెరిచిన సింహం, కింద ‘వినియోగదారుల సింహం అబ్బులు గారు’ అని పసుపు అక్షరాలు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు, అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. పెంచల్ గారు మైకు అందుకుని, ఈ అబ్బులన్న ఒక్క కేక పెడితే కొనేవోళ్ళంతా ఎనకమాల నిల్చుకున్నారు, ఫహాహీల్ దొంగలంతా గడగడా వణికిపోయినారు అని గంభీరంగా చెప్పారు. అప్పుడే శాలువా కప్పారు. శాలువా కప్పుతుంటే తల వంచని తెలుగువాడు ఎక్కడైనా ఉంటాడా అండీ? నేనూ వంచాను. ఎవరో అదంతా వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. తీసిందెవరో నాకు తెలుసు. పేరు చెప్పను, ఆయన ఇప్పుడు కూడా తీస్తున్నాడు. ఆపు బాబూ, నీకు పుణ్యముంటుంది. (నవ్వులు)

తర్వాత సంగతి నేను రెండు వారాలకి విమానాశ్రయంలో తెలుసుకున్నాను. బుడేన్ సాహెబ్ తన వ్యానులో నన్ను దింపాడు. అట్టపెట్టెకి తాడు కట్టి, నాలుగు వైపులా పేరు రాసి, దాన్నిండా మీరు ఇళ్ళకి పంపిన దుప్పట్లూ అత్తర్లూ సర్ది తీసుకెళ్ళాను. పాస్‌పోర్ట్ చూసేచోట కుర్రాడు కంప్యూటర్ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ కంప్యూటర్ వంక చూశాడు. నీ మీద కేసుంది, ట్రావెల్ బ్యాన్ ఉంది, వెనక్కి వెళ్ళు అన్నాడు. నేను గొడవ పెట్టుకోలేదు. పోలీసు బండి చూస్తే సందులోకి తిరిగే మనిషి గొడవేం పెట్టుకుంటాడు. ఎక్కించిన పెట్టె మళ్ళీ దింపించి, బుడేన్ సాహెబ్‌కి ఫోన్ చేశాను. ఆయన అల్ రాయ్ దాటినవాడు వెనక్కి తిప్పుకుని వచ్చి, ఒక్క మాట అడగకుండా పెట్టె ఎక్కించి, ఫహాహీల్ వచ్చేదాకా ఏసీ నా వైపు తిప్పి ఉంచాడు. ఆయనకి ఎంత చెప్పినా తక్కువే.

గదికొస్తే నా మంచం మీద మా గది కుర్రాడు సుబ్బు పడుకుని ఉన్నాడు. తప్పు వాడిది కాదు, ముందురోజే నేను వాడికి అమ్మేశాను. రైస్ కుక్కర్ ఒకరికి, ఫ్యాను ఒకరికి, చివరికి నా చెప్పులు పెట్టుకునే స్టాండు కూడా ఒకరికి ఇచ్చేశాను. సుబ్బు లేచి దుప్పటి దులిపి, మీరు పడుకోండి బాబాయ్, నేను కింద పడుకుంటాను అన్నాడు. అలా నా మంచం మీద నేనే చుట్టాన్నయ్యాను. పార్సిళ్ళ కోసం కూడా మనుషులు వచ్చారు. ఎక్కువమంది, ఉంచండి, మీరెలాగూ వెళతారు కదా అని వెళ్ళిపోయారు. ఇద్దరు మాత్రం వాళ్ళ దుప్పట్లు వెనక్కి తీసుకుని వేరేవాళ్ళ చేత పంపించుకున్నారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. (ఆగి) ఉందండి. కొంచెం ఉంది. (నవ్వులు)

ఇక కేసు ఏమిటంటే, కొట్టువాడు నా మీద ఎదురు ఫిర్యాదు ఇచ్చాడు. కొన్నవాళ్ళెవరికీ మా మీద ఫిర్యాదు లేదు, ఈ అబ్బులు అనేవాడు నాయకుడై చదువురాని వాళ్ళ చేత సంతకాలు పెట్టించాడు, సభ పెట్టి మమ్మల్ని దొంగలన్నాడు అని. దానికి రుజువులు, అర్జీలో పై వరసలో నా సంతకం, పెంచల్ గారి ప్రసంగం. ఆయన మాటలు అక్షరం పొల్లుపోకుండా అరబ్బీలోకి మార్పించారు. పోలీస్ స్టేషన్‌లో ఆఫీసరు ఆ కాగితం చదివి, నా వంక పైనుంచి కిందదాకా చూసి, సింహం నువ్వేనా అని అడిగాడు. నా చొక్కా జేబులో బీపీ మాత్రలున్నాయి, చేతిలో అరటిపండున్న సంచి ఉంది. లేదు సార్, స్టోర్ కీపర్‌ని అన్నాను. (నవ్వులు)

ఇప్పుడు నవ్వుకుంటున్నాం గానీ, ఆ నెలల్లో నాకు నవ్వు రాలేదు. ఎందుకో మీలో కొందరికే తెలుసు.

ఇంటి దగ్గర మా ఆవిడ సూరాయమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు. పొద్దు వాలితే ఎదురుగా ఉన్నది మనిషో గుమ్మమో తెలియదు. ముదరబెట్టుకుంటే కష్టమమ్మా అని డాక్టరు చెప్పాడు. మాకు పిల్లల్లేరు. ఆపరేషన్ అయ్యాక పూటపూటకీ చుక్కల మందు వేయడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నేనే కావాలని ఆవిడ పట్టుబట్టి, నేనొచ్చేదాకా వాయిదా వేసుకుంది. ఆ మార్చిలో నన్ను ఆపేశారని ఆవిడకి చెప్పేలోపే పక్కింటివాళ్ళ కారులో రాజమండ్రి విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. బయటికొస్తున్న ప్రతి మగాడి దగ్గరికీ వెళ్ళి, ఏమండీ, మీరేనా అని అడిగిందట. (ఆగి) అందరూ వెళ్ళిపోయాక కూడా అడగడానికి ఎవరైనా మిగిలారేమో అని నిలబడిందట. నాకు ఈ మాట పక్కింటావిడ చెప్పింది, సూరాయమ్మ చెప్పలేదు.

మంచినీళ్ళు ఇవ్వమ్మా. సరే.

అప్పుడు కొట్టువాడి తరఫున ఒకాయన వచ్చాడు. ఒక కాగితం పెట్టాడు. ఆ అర్జీలో ఏముందో చెప్పకుండా నేనే అందరి చేతా సంతకాలు పెట్టించానని ఒప్పుకుంటే, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు, మర్నాడే వెళ్ళిపోవచ్చు. అలా ఒప్పుకుంటే అర్జీ చచ్చిపోతుందని నాకు తెలుసు. అయినా సూరాయమ్మ కళ్ళ ముందు ఆ చిల్లర రుసుము ఎంత, అది మనం ఎన్నేళ్ళు ఇచ్చాం, ఇంకొన్నేళ్ళు ఇస్తే పోయేదేముంది అనిపించింది. దాచుకోకుండా శుక్రవారం అందరినీ పిలిచి ఆ కాగితం చూపించాను. విజయదుర్గే, పెట్టేయండి బాబాయ్, పిన్ని ముఖ్యం అంది. ఎవరూ కాదనలేదు. పెన్ను కూడా ఎవరో అందించారు.

అప్పుడు గోడ పక్క నుంచి సుబ్బరత్నమ్మ లేచింది. కడప జిల్లా మనిషి, ఒక కువైటీ ఇంట్లో వంటా పిల్లల పనీ చేస్తుంది, అప్పటిదాకా మన మీటింగుల్లో ఆవిడ గొంతు నేను వినలేదు. ఆవిడ అన్న మాటలు ఆవిడ అన్నట్టే చెబుతాను.

“అబ్బులన్నా, నువ్వు ఇంటికి పోవాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. గానీ నేను ఏమీ తెలీకుండా ఏలిముద్ర ఏసినానని నువ్వు ఎట్ల రాస్తావు? కార్డు నాది, కష్టం నాది, ఆ కౌంటరు కాడ కొట్లాడింది నేను. నన్నెవురూ పిల్చుకోని రాలేదు, నా అంతకు నేనే వచ్చినా. ఆ మాట నేనే పొయ్యి స్టేషన్లో చెప్తా. ఆమీద నీ మీద కేసు ఎట్ల నిల్చుకుంటాదో చూద్దాం.”

ఇళ్ళల్లో పనిచేసే మనిషి పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమంటే ఏమిటో ఇక్కడున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్‌కి కోపమొస్తే మర్నాడు విమానం ఎక్కించేస్తాడు. అందుకే ఆవిడ దొంగచాటుగా వెళ్ళలేదు, ముందు వాళ్ళ మామాకే చెప్పింది. ఆ మామా అంతా విని, ఆ కొట్టు మీ దగ్గర కూడా తీసుకుంటోందా, నేను నా ఒక్కదాని దగ్గరే అనుకున్నాను అందట. చున్నీ సర్దుకుని, కారు తాళాలు తీసుకుని, సుబ్బరత్నమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తానే నడుపుకుంటూ స్టేషన్‌కి వచ్చింది.

నేను ఆ వరండాలోనే ఉన్నాను. సుబ్బరత్నమ్మ చెప్పింది, రాసుకున్నారు. ఆ తర్వాత మామా ఆఫీసరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, నా పేరు కూడా రాసుకోండి అని మొదలుపెట్టింది. ఎంత సేపు మాట్లాడిందో గానీ ఆఫీసరు మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాడు. సింహం అంటే ఎలా ఉంటుందో ఆయన ఆ రోజు చూశాడు. (నవ్వులు, చప్పట్లు)

మర్నాటి నుంచీ మీరు ఒక్కొక్కరే వెళ్ళారు. డ్యూటీ దిగి వెళ్ళారు, డ్యూటీకి ముందు వెళ్ళారు. పై వరసలో ఎవరి పేరూ లేకుండా, ఎవరి కాగితం వాళ్ళే రాయించుకుని, నా అంతట నేనే వచ్చానని చెప్పారు. నా దగ్గర్నుంచి దుప్పట్లు వెనక్కి తీసుకున్న ఆ ఇద్దరూ కూడా వెళ్ళారు, అందుకే కోపం కొంచెమే అన్నాను. పెంచల్ గారు వెళ్ళి, ఆ దొంగలు అనే మాట నాది, ఆయన నోట్లోంచి రాలేదు అని రాసిచ్చారు. పొగడ్తని వెనక్కి తీసుకున్న అధ్యక్షుణ్ణి నేను ఈయన్నే చూశాను. ఇంతమంది మీద విడివిడిగా కేసులు పెట్టుకునే ఓపిక కొట్టువాడికి లేదు. నా మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కౌంటర్ దగ్గర కార్డుకి అదనపు రుసుము లేదని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెట్టాడు. మొన్న సుబ్బరత్నమ్మ అక్కడ కార్డు గీసి ఒక సబ్బు కొనుక్కుని, ఆ చీటీ నాకు చూపించడానికి వచ్చింది.

కంప్యూటర్‌లోంచి నా పేరు పోవడానికి ఇంకొంత కాలం పట్టింది. రోజూ వెళ్ళి అడిగేవాణ్ణి. నిన్న ఉదయం కూడా వెళ్ళాను. కిటికీలో కుర్రాడు నన్ను చూసి నవ్వి, ముసలాళ్ళందరినీ పిలిచినట్టే హాజీ అని పిలిచి, ఖలాస్, ఇంక రావద్దు, ఇంటికి వెళ్ళు అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది, అయినా లేవబుద్ధి కాలేదు. ఎన్ని నెలల తర్వాతో ఊపిరి పూర్తిగా పీల్చుకున్నట్టనిపించింది. ఇన్నేళ్ళలో ఈ దేశంలో నన్నెవరూ అంత మంచి మాట అనలేదండి.

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి గానీ, పేర్లు చదివితే అదొక అర్జీలా తయారవుతుంది. (నవ్వులు) సుబ్బరత్నమ్మా, నువ్వు చేసింది నేను మర్చిపోను తల్లీ. నీ మామాకి నా సలాం చెప్పు. విజయదుర్గా, నువ్వు తల ఎత్తు, నీదేం తప్పు లేదు. అన్యాయం కనిపిస్తే అడుగుతూనే ఉండు, చెవులు మూసుకునే బాబాయిలు ఎప్పుడూ ఉంటారు. పెంచల్ గారూ, మీ మీద నాకు ఆ నెలల్లో చాలా కోపం వచ్చింది, ఈ రోజు అది లేదు.

ఇంకొక్క మాట చెప్పి మిమ్మల్ని భోజనానికి వదిలేస్తాను. కేసు పోయిందని సూరాయమ్మకి చెప్పాను గానీ, రేపు వస్తున్నానని చెప్పలేదు. అది ఆవిడ పెట్టిన షరతే. ఈసారి వస్తున్నానని చెప్పకండి, చెబితే నేను మళ్ళీ వెళ్ళి నిలబడాలి, మీరే వచ్చి తలుపు కొట్టండి అంది. కాబట్టి మీలో ఎవరూ ఫోన్ చేయొద్దు. నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది, ఆవిడకి కనిపించదు. తలుపు తీసి, ఎవరది అంటుంది. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఈ ప్రశ్నకి ఫోన్లోనే జవాబు చెబుతున్నాను. రేపు గుమ్మంలో నిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని, నేనే అంటాను.

అందరికీ ధన్యవాదాలండి. సెలవు.